సున్నాలో చుక్క

ఆఫీసులో ఆవిణ్ణి తిరకాసమ్మ అని మొదట ఎవరన్నారో గానీ, అన్నవాళ్లు మనిషిని సరిగ్గానే పోల్చుకున్నారు. ఏ మిషను చేతిలో పెట్టినా మూత విప్పకముందే "ఇందులో ఏదో తిరకాసుంది" అంటుంది. తీరా విప్పాక ఏ తిరకాసూ లేకపోతే ఆ పూట ఆవిడకి తిండి సహించదు. ఇంటింటికీ తిరిగి మంచాన పడ్డవాళ్లకి కట్లు కట్టే నర్సుల చేతి మిషన్లన్నీ ఆవిడ బల్ల మీదికే వస్తాయి. పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు, టీలో మునిగి తేలినవి, పసిపిల్లలు కొరికినవి, అన్నీ చూసిందావిడ.

ఆ సోమవారం పొద్దున్నే దూదక్క వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే దూది పీకి ఉండలు చుట్టేస్తుంటుందని రోగులు పెట్టుకున్న పేరది. చేతిరుమాల్లో చుట్టిన మిషను తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"అక్కా, దీన్నైనా బాగుచెయ్యి, నన్నైనా బాగుచెయ్యి. మా ఇద్దరిలో ఎవరో ఒకరం అబద్ధం చెప్తున్నాం."

"నీ మొహం. ముందు కూర్చుని చెప్పు."

చెప్పింది. రోగి ఇంటికి వెళ్లగానే మిషను మీద 'చేరాను' అని నొక్కాలి. అది పైనున్న ఉపగ్రహాల్ని చూసుకుని మనిషి ఎక్కడుందో తెర మీద నీలం చుక్క పెడుతుంది. ప్రతి రోగి ఇంటికీ ఒక ఎర్ర సున్నా ముందే గీసి ఉంటుంది. కట్టు కట్టినంతసేపూ చుక్క సున్నాలో ఉంటే 'వచ్చింది', లేకపోతే 'రాలేదు'. దూదక్క తిరిగే వీధులన్నిట్లోనూ చుక్క బుద్ధిగా సున్నాలో కూర్చుంటోంది. ఇరుకుసందు ఒక్కదాంట్లోనే, ఆ సందు తనకి అప్పజెప్పిన రోజునుంచీ, ఏ ఇంట్లో నొక్కినా 'రాలేదు' అంటోంది. మోకాళ్ల మీద కూర్చుని పుండు కడుగుతున్న మనిషిని పట్టుకుని రాలేదంటే ఒళ్లు మండదూ!

"సూపర్‌వైజరు గారికి చూపించలేదా?"

"రెండుసార్లు చూపించాను. అటూ ఇటూ తిప్పి, బాగానే ఉందిగా అన్నారు."

"ఆయనా! మిషను తిరగేసి పట్టుకున్నా ఆయనకి బాగానే ఉంటుంది."

"శుక్రవారం దాకా గడువిచ్చారక్కా. అప్పటికీ ఎరుపు పోకపోతే సందు నూరుశాతానికి ఇచ్చేస్తారట." దూదక్క సంచీలోంచి దూది పీకి ఉండ చుట్టడం మొదలెట్టింది. "నేనేదైనా భరిస్తాను గానీ, బామ్మ కాలు ఉంది చూడూ, మడమ మీద పుండు. ఎన్నాళ్లు కడిగానో! ఇప్పుడిప్పుడే అంచులు ఎర్రబడి కొత్త చర్మం వేస్తోంది. ఇప్పుడు చెయ్యి మారితే మళ్లీ మొదటికొస్తుంది. ఈసారి కాలే తీసేస్తారు."

నూరుశాతం అంటే వెనకసందు నర్సు. ఏళ్లుగా ఆవిడ పేరు పక్కన ఎరుపు పడలేదు. వరండాలో ఆవిడ ఫోటో చట్రం కట్టించి మరీ పెట్టారు.

తిరకాసమ్మ మిషను చేతిలోకి తీసుకుంది. బ్యాటరీ పొదుపు పెట్టి ఉంటే సిగ్నల్ వెతకడం బద్ధకిస్తుంది, అది చూసింది, తీసేసే ఉంది. గడియారం తప్పితే ఉపగ్రహాల లెక్క తప్పుతుంది, గడియారం సరిగ్గానే నడుస్తోంది. తోలు తొడుగుకి అయస్కాంతపు బొత్తం ఉంది, దాన్ని ఊడబీకి పక్కన పడేసింది. ఆర్పి, మళ్లీ వెలిగించి, పెరట్లోకి తీసుకెళ్లి నెత్తి మీద ఏ అడ్డూ లేనిచోట గోడ మీద పెట్టింది. ఇద్దరూ దాని వైపే గుడ్లప్పగించి నిలబడ్డారు. తెర మీద ఒక్కో ఉపగ్రహానికీ ఒక్కో పచ్చగీత లేచింది. కాసేపటికి చుక్క పెరటి గోడ మీదే వచ్చి కుదురుగా నిలిచింది.

"నిక్షేపంలా ఉంది," అంది దూదక్క ఏడుపుగొంతుతో. మిషను పాడైందంటే ఆవిడ ఎగిరి గంతేసేది.

"నిక్షేపంలా ఉంటేనే నాకు అనుమానం. ఇదిగో, ఇవాళ ఇంకో మిషను పట్టుకెళ్లు. ఇది నా దగ్గరుండనీ."

సాయంత్రానికి ఆ ఇంకో మిషనూ ఇరుకుసందులో 'రాలేదు' అంది.

ఆ రాత్రి తిరకాసమ్మ ఇంట్లో వంట ఆలస్యమైంది. మిషన్ని వంటింటి కిటికీలో పెట్టి చూసింది, పచ్చగీతలు సగం మిగిలాయి. బీరువా పక్కన పెట్టింది, ఒకటీ అరా మిగిలాయి. స్టీలు గిన్నె బోర్లించి దాని కింద పెట్టి, కాసేపాగి గిన్నె ఎత్తి చూసింది. ఒక్క గీత కూడా లేదు. ఆ ఖాళీ తెర చూసి చిన్నపిల్లలా సంబరపడిపోయింది.

"కూర మీద మూత ఏదీ?" అని మొగుడు వంటింట్లో వెతుక్కుంటున్నాడు.

"ఇదిగో, దీని కింద ఉపగ్రహాలు చచ్చిపోతున్నాయి చూడు."

"అవి పోతే పోయాయి, కూర చల్లారిపోతోంది. నీకూ ఆ మిషనుకీ పెళ్లి చేసి నేను ఎటైనా పోతాను."

"పో, కానీ ఒకటి చెప్పి పో. చుట్టూ గోడలుంటే సిగ్నల్ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. ఒకరోజు తగ్గుతుంది, ఒకరోజు పెరుగుతుంది. రోజూ ఒకేలా ఎందుకు తప్పుతుంది?"

మొగుడు మూత లాక్కుని కూర మీద పెట్టుకున్నాడు. "తెలివుంటే వెళ్లి చూసుకో. గిన్నెలో వెతికితే సందు దొరుకుతుందా?"

మాట ఎగతాళిదే గానీ తిరకాసమ్మకి నచ్చింది. పొద్దున్నే సూపర్‌వైజరుతో, "సార్, నేను ఇవాళ దూదక్కతో ఇరుకుసందుకి వెళ్తాను" అంది.

"మీరు మిషన్లు చూడండమ్మా, సందులు కాదు."

"మిషను చూడ్డానికే సార్. అది సందులోకి వెళ్లాకే కదా పాడవుతోంది!"

ఆయన ఏదో అనబోయి, తెర మీద ఏదో మెరిస్తే అటు తిరిగిపోయారు. తిరకాసమ్మ దాన్నే అనుమతి అనుకుని బయటపడింది.

ఇరుకుసందుకి ఆ పేరు ఉత్తినే రాలేదు. ఎదురుగా మనిషి వస్తే ఒకళ్లు గోడకి అతుక్కోవాల్సిందే. రెండువైపులా మేడలు ఒకదాని మీదికి ఒకటి వంగి ఉన్నాయి. మధ్యలో రేకు చూరులు, ఆరేసిన దుప్పట్లు, నీళ్ల గొట్టాలు. తల ఎత్తితే ఆకాశం చీరిన గుడ్డపేలికంత కనిపించింది. తిరకాసమ్మ మిషను అరచేతిలో పెట్టుకుని ఒక్కో గుమ్మం ముందూ ఆగుతూ నడిచింది. చుక్క పిచ్చెక్కినట్టు ఎగురుతోంది. కాసేపు గోడ అవతల, కాసేపు మేడల మధ్య.

"చూశావా, ఇదే గోల!" అంది దూదక్క.

"ఇది గోడల పని. పైనుంచి వచ్చే సిగ్నల్ గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. మిషనుకి అది ఎక్కణ్ణించి వచ్చిందో తెలీక తడబడుతుంది. బావిలో అరిస్తే గొంతు అన్నివైపులనుంచీ వినపడదూ, అలాగ."

"అయితే మన ఖర్మ ఇంతేనా?"

"ఉండవే తల్లీ, అంత తొందరపడితే ఎలా?"

బామ్మ ఇల్లు సందు చివర. గదిలో మంచం కిటికీ పక్కన వేసి ఉంది. బామ్మ దూదక్కని చూడగానే కాలు తనే దుప్పటిలోంచి బయటికి చాపింది. వెనకున్న కొత్త మనిషిని ఎగాదిగా చూసి, "ఈవిడెవరే, పెద్ద డాక్టరా?" అంది.

"మిషన్ల డాక్టరు బామ్మా."

"మిషనుకి జబ్బు చేస్తే ఇంతమంది తిరుగుతారు. నాకు చేస్తే ఇదొక్కతే వస్తుంది," అంటూ బామ్మ దూదక్క వీపు మీద ఒకటి చరిచింది.

దూదక్క పాత కట్టు తడిపి పొరలు పొరలుగా విప్పింది. లాగలేదు. అతుక్కున్నచోట నీళ్లు చిలకరించి, ఊరుకుని, మళ్లీ విప్పింది. మడమ మీది పుండు నాణెమంత మిగిలింది. చుట్టూ లేత చర్మం మెరుస్తోంది. ఆ చర్మాన్ని చూసుకుంటున్నప్పుడు దూదక్క మొహంలో వచ్చిన గర్వం తిరకాసమ్మకి తెలిసిన గర్వమే. విప్పిన మిషను మళ్లీ వెలిగినప్పుడు తనకీ అలాగే ఉంటుంది. పక్కన బల్ల మీద మిషను మాత్రం 'రాలేదు' అని ఎర్రగా వెలుగుతోంది. తిరకాసమ్మకి దాన్ని తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

"బామ్మా, మీ మేడ మీదికి దారెటు?"

మేడ మీద నీళ్ల ట్యాంకు రేకుతో చేసింది, దాని పక్కన నిలబడితే లాభం లేదు. అవతలి మూలకి వెళ్లి పిట్టగోడ మీద మిషను పెట్టింది. ఇక్కడ ఆకాశానికి లోటు లేదు. పచ్చగీతలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. చుక్క గంతులు మానేసింది. కాసేపు చూసింది, ఇంకాసేపు చూసింది, చుక్క మేకు కొట్టినట్టు ఉంది. ఇంత స్పష్టంగా ఉన్న చుక్క తప్పయ్యే వీల్లేదు. అయినా మిషను 'రాలేదు' అనే అంటోంది.

తిరకాసమ్మ నోరు తెరుచుకుంది. గబగబా మెట్ల మొదటికి వచ్చి కిందికి అరిచింది.

"దూదక్కా! కట్టు అయిందా? పైకి రా! చుక్క ఇక్కడే ఉందే, సున్నాయే ఎక్కడికో పోయింది!"

దూదక్క రొప్పుకుంటూ వచ్చి చూసింది. తెర మీది పటంలో ఇరుకుసందు గీసి లేదు, అంతా బూడిదరంగు మచ్చ. అందులో చుక్క ఒకచోట, సున్నా ఒకచోట ఉంటే ఎవరైనా చుక్కే తప్పనుకుంటారు. సిగ్నల్ బాగాలేదని అందరూ అంటుంటే దూదక్కా అదే నమ్మింది. సున్నాని అనుమానించాలని ఎవరికీ తోచలేదు.

"పద, అదెక్కడుందో చూద్దాం."

చుక్కని సున్నా వైపు నడిపించుకుంటూ ఇద్దరూ మెట్లు దిగారు. సందులో చుక్క మళ్లీ కాసేపు వెర్రివేషాలు వేసింది గానీ, సందు మొదటికి వచ్చి ఆకాశం విచ్చుకునేసరికి దారికొచ్చింది. అక్కడ ఒక సెలూన్ ఉంది. సెలూన్ ముందు, ఎండావానలకి పాలిష్ పోయిన పొడుగాటి చెక్కబల్ల. ఆ బల్ల దగ్గరికి రాగానే మిషను కుయ్‌మంది. బామ్మ ఇంటికి 'చేరారు' అంది.

దూదక్క వేలు పెట్టి తెర జరిపింది. బామ్మ పక్కింటివాళ్ల సున్నా ఇక్కడే ఉంది. ఎదురింటివాళ్లదీ ఇక్కడే. సందులో ఇళ్లన్నిటి సున్నాలూ ఈ బల్ల మీద ఒకదాని మీద ఒకటి కుప్పగా పడి ఉన్నాయి.

బల్ల ఖాళీగా కూడా లేదు. నూరుశాతం కూర్చుని వారపత్రిక చదువుకుంటోంది. పక్కన మిషను పచ్చగా వెలుగుతోంది. వీళ్లని చూసి ఆవిడ ఏమాత్రం కంగారుపడలేదు. పత్రిక మడిచి, సంచీ ఒళ్లోకి తీసుకుని, పక్కకి జరిగింది.

"ఏం దూదక్కా, నీకూ ఇప్పటికి తెలిసిందా? రా, చోటుంది, కూర్చో."

దూదక్క కూర్చోలేదు. సెలూన్ ఆయన కత్తెర ఆడిస్తూనే గుమ్మంలోంచి తొంగిచూశాడు.

"మీ ఆఫీసు బ్రాంచి ఇదేనా అమ్మా? రోజూ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటుంటే మావాళ్లంతా అలాగే అనుకుంటున్నారు."

"ఈ బల్ల మీదే ఎందుకు కూర్చుంటున్నారో మీకేమైనా తెలుసా?" అడిగింది తిరకాసమ్మ.

"తెలియకేం! అప్పట్లో ఇద్దరొచ్చారు, ఇలాంటి మిషన్లే పట్టుకుని. మిషనులో ఇళ్లన్నీ గుర్తు పెట్టడానికట. లోపలికి పోతే సిగ్నల్ రాలేదు, చచ్చే ఎండ. నా బల్ల మీద కూలబడ్డారు. సందులోవాళ్లనే ఇక్కడికి రమ్మన్నారు. ఒక్కొక్కరూ వచ్చి ఇంటి నంబరు చెప్పడం, వీళ్లు టక్కున నొక్కడం. ముందు ఈ సందు, తర్వాత వెనకసందు. మొత్తం టోకున అయిపోయింది." ఆయన నవ్వాడు. "రెండు సందుల్నీ నా బల్ల మీదే కాపురం పెట్టించి పోయారు."

కుర్చీలో సబ్బు నురగతో ఉన్నాయన కూడా నవ్వాడు. తిరకాసమ్మకి నవ్వు రాలేదు. సిగ్నల్ బాగున్నచోట నిలబడి నొక్కారు, అంతే. పని తెలిసినవాళ్లే చేసే తప్పు ఇది. పని తెలియనివాడైతే సందులోకే వెళ్లి ఏదో ఒక అడ్డదిడ్డం చుక్క పెట్టి ఉండేవాడు, అదే ఇంతకన్నా నయం. ఇప్పుడు ఇంటికి వెళ్లినవాళ్లు రానట్టు, వెళ్లకుండా బల్ల మీద కూర్చున్నవాళ్లు వచ్చినట్టు. పైగా కట్టు కట్టినంతసేపూ సున్నాలోనే ఉండాలిగా, అంతసేపూ ఓపిగ్గా కూర్చోవాలి. అందుకే ఆ వారపత్రిక.

సూపర్‌వైజరు అంతా విన్నారు. విని, హాయిగా వెనక్కి వాలారు.

"ఓస్, ఇంతేనా? అయితే బల్ల దగ్గరే నొక్కమనండి. తలనొప్పి వదిలిపోతుంది."

"కట్టు కట్టినంతసేపూ అక్కడే కూర్చోవాలి సార్."

"కూర్చోమనండి. ఆ తర్వాత వెళ్లి కట్టుకోమనండి. ఎవరొద్దన్నారు?"

ఒద్దనడానికి తిరకాసమ్మ నోరు తెరిచేలోగా దూదక్కే తల ఊపేసింది. గదిలోంచి బయటికొచ్చాక తిరకాసమ్మ ఆవిడ మీద విరుచుకుపడింది.

"నీకు బుద్ధుందా? అబద్ధం ఆడటానికి ఒప్పుకున్నావేం?"

"నాకు బామ్మ కాలు కావాలక్కా. నీకు తిరకాసు కావాలి. నేను బల్ల మీద కూర్చుంటాను, తల కిందులుగా నిలబడమన్నా నిలబడతాను."

బుధవారం దూదక్క అన్నంత పనీ చేసింది. బల్ల మీద కూర్చుంది, కాళ్లు ఊపింది, దూది చుట్టింది, లేచింది, మిషను అరిస్తే మళ్లీ కూర్చుంది. ఒక్కో ఇంటికీ ముందు బల్ల మీద ఒకసారి, తర్వాత ఇంట్లో ఒకసారి. పొద్దు వాలేసరికి సందులో సగం ఇళ్లు కూడా కాలేదు. సందు చివరనున్న బామ్మ దగ్గరికి చేరేసరికి చీకటిపడింది. బామ్మ పొద్దుట్నుంచీ కాలు దుప్పటి బయట పెట్టుకునే కూర్చుంది. కట్టు తడిసి చివికిపోయింది.

"ఎక్కడ చచ్చావే పొద్దుట్నుంచీ?" అంది బామ్మ. దూదక్క చప్పున కాలి దగ్గర కూర్చుని తడిసిన కట్టు విప్పసాగింది.

గురువారం మిషన్ల గది తెరవకముందే దూదక్క గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అక్కా, అన్నీ పచ్చగానే పడ్డాయి. బామ్మ పుండు మాత్రం చెమ్మగిల్లింది. ఇంకో నాలుగురోజులు ఇలాగైతే అంతే. ఏం చేద్దాం?"

తిరకాసమ్మ సొరుగులోంచి పెద్ద మిషను తీసింది. ఇళ్ల సున్నాలు మార్చే వీలు మిషన్ల గదికే ఉంది, ఇన్నాళ్లూ ఎవరికీ అవసరం పడక దాని మీద దుమ్ము పేరుకుంది. ఒక మాట సూపర్‌వైజరు చెవిన వేసింది. "మార్చుకుంటే మార్చుకోండి, రేపు సాయంత్రానికి నా తెర పచ్చగా కనపడాలి, అంతే" అన్నారాయన కళ్లు తిప్పకుండా.

ఇరుకుసందులో దూదక్క కింద కట్లు కట్టుకుంటూ పోయింది, ముందుగా బామ్మకి. తిరకాసమ్మ మేడలెక్కింది. మోకాళ్లు పట్టేశాయి, అయినా ఎక్కింది. ఒక మేడ మీద బట్టలారేస్తున్న కోడలు, "ఏం వెతుకుతున్నారు పిన్నీ?" అనడిగింది. "మీ ఇల్లు వెతుకుతున్నానమ్మా, పారిపోయింది" అంది తిరకాసమ్మ. ఆ కోడలు పిట్టగోడలు దాటిస్తూ ఏ మేడ కింద ఏ నంబరుందో తనే చెప్పుకొచ్చింది. ప్రతి మేడ మీదా ట్యాంకుకి దూరంగా నిలబడటం, పచ్చగీతలు నిండేదాకా ఆగడం, చుక్క కుదురుకున్నాక నొక్కడం. కింద గోడల మధ్య చుక్క ఎటూ తడబడుతుంది కాబట్టి, ఇంటితోపాటు ముందున్న సందు కూడా లోపలికి వచ్చేలా సున్నాని కాస్త పెద్దది చేయడం. పెద్ద మిషనులో కుప్పలోంచి ఒక్కో సున్నా లేచి తన ఇంటి మీదికి వెళ్తుంటే ఆవిడకి ఎండ కూడా తెలియలేదు.

మధ్యాన్నం దాటాక దూదక్క మీదికొచ్చి చూస్తే, తిరకాసమ్మ అవతలి వరస మేడల మీద ఉంది.

"అది వెనకసందక్కా, మనది కాదు!"

"కుప్పలో సగం తీసి సగం వదిలేస్తే నాకు నిద్ర పట్టదు," అని అక్కణ్ణించే అరిచిందావిడ.

శుక్రవారం దూదక్క ఇంటింటికీ వెళ్లింది, కట్టింది, నొక్కింది. ఇరుకుసందు మొత్తం పచ్చగా పడింది. బామ్మ మడమ మీది చెమ్మ ఆరింది. సాయంత్రం సూపర్‌వైజరు తెర చూసి, "బాగైందన్నమాట. ఇంతకీ మిషనులో ఏం పోయింది?" అన్నారు.

"మిషనులో ఏమీ పోలేదు సార్," అంది తిరకాసమ్మ. దూదక్క సందు దూదక్కకే ఉండిపోయింది. ఆవిడ వరండాలోకి వచ్చి తిరకాసమ్మని అమాంతం వాటేసుకుంది. భుజం మీద దూది అంటుకుపోయినా తిరకాసమ్మ ఏమీ అనలేదు.

మర్నాడు సెలవు కాదు గానీ ఆఫీసు పల్చగా ఉంది. తిరకాసమ్మ టీ తాగుతుండగా గుమ్మంలో నూరుశాతం కనబడింది. చేతిలో మిషను.

"ఇది పాడైనట్టుంది. నిన్నంతా 'రాలేదు' అంది."

తిరకాసమ్మ ఈ ఘడియ కోసమే రెండురోజులుగా మాటలు నూరుకుంటోంది. టీ గ్లాసు పక్కన పెట్టింది. "అయ్యో, అలాగా? బల్ల మీద సరిగ్గా కూర్చున్నావా? పత్రిక మొత్తం చదివావా?"

నూరుశాతం మొహం పాలిపోయింది. తిరిగి వెళ్లిపోతుందేమో అనుకుంది తిరకాసమ్మ. వెళ్లలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది, మిషను ఒళ్లో పెట్టుకుని రెండుచేతులూ దాని మీద వేసింది.

"నేనూ మొదట్లో వెళ్లేదాన్ని, తెలుసా? వెనకసందులో ఇంటింటికీ. నెలంతా ఎరుపే. సిగ్నల్ అంతే అన్నారు, నేను వెళ్లడంలేదన్నారు, తీసేస్తామన్నారు. ఒకరోజు సందు మొదట్లో ఆ బల్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. మిషను కుయ్‌మంది. చేరారు అంది." ఆవిడ నవ్వబోయింది, కుదరలేదు. "కొన్నాళ్లు బల్ల మీదా కూర్చున్నాను, ఇళ్లకీ వెళ్లాను. దూదక్క బుధవారం పడిందే, ఆ అవస్థ నేను నెలలు పడ్డాను. తర్వాత ఓపిక పోయింది. ఒకింటికి మానేశాను. ఎవరూ అడగలేదు. రెండో ఇంటికి మానేశాను. ఫోటో పెట్టారు."

తిరకాసమ్మకి నూరుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"దూదక్క కోసం నువ్వు లేచి వెళ్లావు," అంది నూరుశాతం. "నాకోసం ఎవరూ లేవలేదు. అదేం తప్పుకి సాకు కాదులే. నాకు తెలుసు."

తిరకాసమ్మ లేచి కాళ్లకి చెప్పులు తొడుక్కుంది.

"పద."

"ఎక్కడికి?"

"వెనకసందుకి. ఈ మిషను పని చేస్తోందో లేదో చూడొద్దూ?"

సెలూన్ ముందునుంచి వెళ్తుంటే ఆయన అలవాటుగా బల్ల మీది పత్రిక తీసి చోటిచ్చాడు. ఇద్దరూ ఆగలేదు. వెనకసందులో నూరుశాతం ఒక్కో గుమ్మం ముందూ తచ్చాడింది. ఏ ఇల్లు ఎవరిదో మరిచిపోయింది. తెర మీద నంబరు చూసుకుని, గోడ మీద నంబరు చూసుకుని, చివరికి ఒక నీలంరంగు తలుపు కొట్టింది. మిషను కుయ్‌మని పచ్చగా వెలిగింది. దాన్ని ఆవిడ చూడలేదు.

తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. ఊతకర్ర మీద వాలి ఒక ముసలాయన. మోకాలి కింద పాత చొక్కాచెయ్యి చింపి కట్టుకున్న కట్టు. చీము ఇంకి గుడ్డ అట్టకట్టింది.

"ఎవరు కావాలమ్మా?"

"మీరే బాబాయ్. నేను... నర్సుని. కట్టు మార్చడానికి వచ్చాను."

ముసలాయన ఆవిణ్ణీ, సంచీనీ, తిరకాసమ్మనీ మార్చి మార్చి చూశాడు. మొహం విప్పారింది.

"అంటే నర్సుని పంపమన్న నా అర్జీ మంజూరైందన్నమాట! పెట్టి రెండేళ్లయింది. మనకెక్కడ ఇస్తారులే అని ఆశ వదిలేసుకున్నాను. రండి, రండి. ఎప్పుడు మంజూరైందమ్మా?"

నూరుశాతం తిరకాసమ్మ వైపు చూసింది. ఇవాళే అని ఒక్కమాట అంటే సరిపోతుంది. ముసలాయన సంతోషిస్తాడు, ఎవరూ కాదనరు. తిరకాసమ్మ కూడా, ఆ క్షణంలో, అదే అంటే బాగుండుననుకుంది.

"రెండేళ్ల కిందటే మంజూరైంది బాబాయ్," అంది నూరుశాతం. "నేనే రాలేదు."

ముసలాయనకి అర్థంకావడానికి కొంతసేపు పట్టింది. మొహంలో వెలుగు ఆరిపోతుంటే ఆవిడ తలదించుకోకుండా చూస్తూ నిలబడింది. తిడతాడనుకుంది తిరకాసమ్మ, తిట్టినా బాగుండేది. ఆయన కర్ర ఆనించి మెల్లగా మంచం మీద కూర్చున్నాడు. కాలు చాపి, గుడ్డ ముడి విప్పబోయాడు. ముడి రాలేదు.

నూరుశాతం నేల మీద మోకాళ్లూని కూర్చుని ఆయన చేతులు పక్కకి తీసింది. "లాగకండి బాబాయ్. తడపాలి," అంది. సంచీలో ఈ ఏడాది ఇచ్చిన కత్తెర మీద కాగితం చుట్ట ఇంకా విప్పకుండానే ఉంది.

తిరకాసమ్మ గోరువెచ్చని నీళ్ల కోసం వంటగది వెతుక్కుంటూ లోపలికి వెళ్లింది.